ఆమేన్ అయిపోయిందా అమ్మా?

ఐదింటికి అలారం పెట్టుకుంటాను. మోగకుండా వణికేలా పెట్టి, ఫోన్ దిండు కింద దాచుకుంటాను. ఆ వణుకు నాకంటే ముందు మా మూడేళ్లవాడికి తెలిసిపోతుంది. మునివేళ్ల మీద నడిచి, కిర్రుమనకుండా తలుపు కాస్త పైకెత్తి తీసి, హాల్లో కుర్చీలో కూర్చుని బైబిల్ తెరుస్తాను. ఆ కాగితాలు ఎంత పల్చనో, తిప్పితే అంత చప్పుడు. రెండో పేజీ తిప్పేలోపు దుప్పటి నేల మీద ఈడ్చుకుంటూ వాడు వచ్చేస్తాడు. ఒళ్లోకెక్కి, అక్షరాల మీద వేలు పెట్టి "ఇక్కడ ఏనుగు ఉందా?" అంటాడు. లేదు నాన్నా. "మరి ఇక్కడ?" సొలొమోను సింహాసనం కథలో దంతం ఉంది, ఏనుగు లేదు. వాడికి దంతం చాలదు.

ఒకరోజు వాణ్ణి పక్కన కూర్చోబెట్టి, చేతికి నీళ్ల సీసా ఇచ్చి, కళ్లు మూసుకున్నాను. ప్రార్థన బాగా సాగింది. అడిగింది కూడా ఓపిక కోసమే. ఆమేన్ అని కళ్లు తెరిస్తే, 119వ కీర్తన చివరి నుంచి 131 దాకా తడిసి ముద్దయి ఉంది. కుమారులు యెహోవా అనుగ్రహించు స్వాస్థ్యము, అంటే ఆయనిచ్చే ఆస్తి, అనే 127వ కీర్తన కూడా ఆ తడిలోనే ఉంది. నా స్వాస్థ్యం మాత్రం నీళ్లు ఇంకా పోస్తూనే ఉన్నాడు, నాలుక కొంచెం బయటపెట్టి, ఎంతో శ్రద్ధగా. నేను పెట్టిన కేకకి వాడు సీసా వదిలేశాడు. లోపలి గదిలోంచి ఏడేళ్ల మా అమ్మాయి లేచి వచ్చి, గుమ్మంలో నిలబడి అడిగింది: "ఆమేన్ అయిపోయిందా అమ్మా?"

అది వెటకారం కాదు. మా ఇంట్లో ఒక రూలుంది. అమ్మ ప్రార్థనలో ఉంటే ఆమేన్ దాకా పిలవకూడదు. పాపం దానికి ఏదో కావాలి, అడగొచ్చో లేదో తెలుసుకుంటోంది, అంతే. నాకు మాత్రం తీర్పు చదివినట్టు వినిపించింది. ఆమేన్ ముందు ఒక అమ్మ, ఆమేన్ తర్వాత ఇంకో అమ్మ.

పిల్లలు పుట్టాక నా భక్తి తగ్గిపోయిందని చాలా ఏళ్లు నమ్మాను. పెళ్లికి ముందు గంటసేపు మోకాళ్ల మీద ఉండగలిగేదాన్ని. ఉపవాసం ఉంటే ఉపవాసంలా ఉండేది. ఇప్పుడు పూర్తి చేసిన ప్రార్థన ఏదైనా ఉందంటే, అది పిల్లలకి జ్వరం వచ్చిన రాత్రి చేసిందే. ఈ మాట సంఘంలో ఎవరితోనైనా అంటే రెండే రకాల జవాబులు వస్తాయి. ఒకటి, "ఇంకొంచెం ముందు లేవాలమ్మా. మనం దేవుడికి టైం ఇవ్వకపోతే ఎలా?" రెండోది చాలా ప్రేమగా వస్తుంది. "నువ్వు చేసే పనే ప్రార్థన, సిస్టర్. అంట్లు తోమడం కూడా ఆరాధనే." మొదటి జవాబు విని ఏడ్చాను, రెండోది విని ఓదార్పు పొందాను. ఇప్పుడు చూస్తే రెండూ ఒకే జవాబులా అనిపిస్తున్నాయి. ఎందుకంటే ఆ రెంటిలోనూ నేను తప్ప ఇంకెవరూ కుర్చీలోంచి లేవనక్కర్లేదు.

మదర్స్ డే ఆదివారం సామెతలు 31వ అధ్యాయం మీద ప్రసంగం వినని క్రైస్తవ స్త్రీ అరుదు. గుణవతియైన భార్య. చీకటితోనే లేస్తుంది, రాత్రివేళ ఆమె దీపం ఆరిపోదు. మరి ఎప్పుడు పడుకుంటుందో ఎవరూ చెప్పరు. ఆ భాగం వింటున్నంతసేపూ నా పక్కన కూర్చున్న ఆడవాళ్లందరి ముఖాలూ మార్కుల లిస్టు అతికించిన గోడ ముందు నిలబడ్డ పిల్లల ముఖాల్లా ఉంటాయి.

ఆ అధ్యాయాన్ని నెమ్మదిగా చదవడం మొదలుపెట్టాక కొన్ని సంగతులు తెలిశాయి. అది అసలు ఆడవాళ్లకు చెప్పిన మాటగా మొదలు కాదు. రాజైన లెమూయేలుకి అతని తల్లి చెప్పిన ఉపదేశంతో మొదలవుతుంది. అంటే వినేవాడు కొడుకు. పదో వచనం నుంచి చివరిదాకా ఉన్న 22 వచనాలు హీబ్రూ అక్షరమాలలోని 22 అక్షరాలతో వరసగా మొదలవుతాయి. అక్షరానికొక పొగడ్త కట్టిన పద్యం అది, ఒక్క రోజులో చేయాల్సిన పనుల జాబితా కాదు. యూదుల ఇళ్లలో శుక్రవారం సాయంత్రం సబ్బాతు భోజనానికి ముందు భర్త ఈ పద్యాన్ని భార్యకు పాడి వినిపించే ఆచారం ఉంది. వాళ్లు పాటగా పాడుకునేదాన్ని మనం ప్రశ్నపత్రంగా పంచుతున్నాం. ఇంకో మాట: ఆ ఇంట్లో పనికత్తెలు ఉన్నారు. పదిహేనో వచనంలోనే ఉన్నారు. ప్రసంగాల్లోకి ఎందుకో రారు.

అన్నిటికంటే నన్ను ఆపేసింది ఆ "గుణవతి" అనే మాట. మూలంలో అక్కడున్న హీబ్రూ పదం ఖయిల్. బలం, పరాక్రమం, సైన్యం అనే అర్థాల్లో వాడే పదం. దూత గిద్యోను అనే యోధుణ్ణి "పరాక్రమముగల బలాఢ్యుడా" అని పిలిచినప్పుడు ఉన్నది ఇదే పదం. పొలం యజమాని బోయజు రూతుని మెచ్చుకున్నప్పుడూ ఇదే. మన తెలుగు బైబిల్లో మగవాడి దగ్గర పరాక్రమం అయింది, రూతు దగ్గర యోగ్యత అయింది, సామెతల్లో గుణం అయింది. అనువాదకుల్ని తప్పుపట్టే చదువు నాకు లేదు. కానీ గుణవతి అంటే తల వంచుకుని నిలబడ్డ మనిషి కళ్ల ముందు మెదులుతుంది. పరాక్రమవంతురాలు అని ఉండుంటే మన ప్రసంగాలు ఇంకోలా ఉండేవేమో. పైగా బోయజు ఆ మాట అన్న రాత్రికి రూతుకి భర్త లేడు, పిల్లలు లేరు, సొంత ఇల్లూ లేదు. అత్తని పోషించడానికి పొలంలో పరిగె ఏరుకుంటున్న విధవరాలు. అంటే తల్లి అయితేనే వచ్చే బిరుదు కూడా కాదది.

ప్రసంగాల్లో వచ్చే రెండో స్త్రీ సుసన్నా వెస్లీ. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీల తల్లి. 1669లో పుట్టింది, 1742లో పోయింది. 19 మందిని కంటే పదిమందే బతికారు. ఇల్లంతా గోలగా ఉన్నప్పుడు ఏప్రన్ తల మీదకి లాక్కుని ప్రార్థన చేసుకునేదని, అప్పుడు పిల్లలు అమ్మ జోలికి వెళ్లేవారు కాదని చెబుతారు. ఆ కథ విన్న వారం నేను చున్నీ తల మీద కప్పుకుని చూశాను. మావాడు అది దాగుడుమూతల ఆట అనుకుని చున్నీలోకి దూరాడు.

ఆమె జీవితంలో ఏప్రన్ తప్ప మరేం లేనట్టు చెప్పడమే నా బాధ. ఆమె భర్త శామ్యూల్ గుడి గురువు. దేశపు రాజు కోసం ఆయన చేసిన ప్రార్థనకి ఆమె ఆమేన్ అనలేదు. ఆ రాజు హక్కుని ఆమె ఒప్పుకోలేదు మరి. ఆయన అలిగి కొన్ని నెలలపాటు ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. 1705లో అప్పులు తీర్చలేక జైలుకెళ్లాడు. 1709లో ఇల్లు తగలబడింది, ఐదేళ్ల జాన్ వెస్లీని ఆఖరి నిమిషంలో కిటికీలోంచి తీశారు. ఆ తర్వాత ఒక చలికాలం భర్త లండన్‌లో ఉండగా, ఆదివారం సాయంత్రాలు పిల్లలకోసం ఇంట్లో చదివే ప్రార్థనలకి ఇరుగుపొరుగు రావడం మొదలై దాదాపు రెండు వందలమంది అయ్యారు. గుడిలో ప్రసంగించే సహాయ గురువుకి అది నచ్చక ఫిర్యాదు రాశాడు. ఆపేయమని భర్త రాస్తే, ఆపమని సలహా ఇవ్వకండి, స్పష్టంగా ఆజ్ఞ ఇవ్వండి, రేపు దేవుని ముందు లెక్క మీరే చెప్పుకోవాలి అనే అర్థం వచ్చేలా తిరిగి రాసింది. ఏప్రన్ కింద దాక్కునే మనిషి రాసే ఉత్తరం కాదది.

ఆమె చేసినవన్నీ నాకు నచ్చవు. ఏడాది నిండేసరికి పిల్లలకి బెత్తం భయం నేర్పానని, చప్పుడు లేకుండా ఏడవడం నేర్పానని ఆమే రాసుకుంది. నా వల్ల కాదు. ఏడాది పిల్లకి చప్పుడు లేకుండా ఏడవడం నేర్పి సంపాదించుకునే నిశ్శబ్దంలో నేను ఏ దేవుణ్ణి వెతకాలి? కానీ వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డకి కేటాయించి, ఆ బిడ్డతో ఒంటరిగా మాట్లాడేది. జాన్‌ది గురువారం. పెద్దయ్యాక కూడా ఆ గురువారాన్ని ఆయన మర్చిపోలేదు. అది మాత్రం నేను అప్పు తెచ్చుకున్నాను. మా ఇంట్లో ఇద్దరే కాబట్టి సులువు.

ఇక అంట్లు తోమడమూ ఆరాధనే అనేవాళ్లు చెప్పే పేరు బ్రదర్ లారెన్స్. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లో కార్మెలైట్ మఠం వంటగదిలో పనిచేసినవాడు. గిన్నెల చప్పుడు మధ్యలోనూ దేవుని సన్నిధి ఉంటుందని ఆయన అన్నది నిజమేనని నమ్ముతాను. వంటపని ఆయనకి స్వతహాగా ఇష్టం లేదట. అందుకే ఆయనంటే ఇంకా గౌరవం. కానీ ఆయన సన్యాసి. మఠంలో గంట కొడితే పని ఆగేది. ప్రార్థనకి వేళ ఉండేది, నిద్రకి వేళ ఉండేది, జబ్బు చేస్తే చూసేవాళ్లు ఉండేవారు. గిన్నెలు కడుగుతుండగా ఆయన కాళ్లకి ఎవరూ చుట్టుకోలేదు. ఆయన మాటల్ని మఠం నుంచి విడదీసి తల్లుల చేతిలో పెడితే, ప్రార్థన మిగులుతుంది కానీ గంట మిగలదు.

ఆ గంట గురించే నా గొడవంతా.

పది ఆజ్ఞల్లో విశ్రాంతి దినం ఆజ్ఞ చూడండి. ఆ రోజు ఎవరెవరు పని చేయకూడదో నిర్గమకాండంలో లిస్టు ఉంది. నీవు, నీ కొడుకు, నీ కూతురు, దాసుడు, దాసి, పశువు, ఇంట్లో ఉన్న పరదేశి. ఎద్దుకి కూడా సెలవుంది. భార్య పేరు లేదు. మొదటిసారి గమనించినప్పుడు చేతిలో పని ఆపేసి మళ్లీ చదివాను. "నీవు" అనే మాటలోనే భార్య కూడా ఉందని పండితులు చెబుతారు. భార్యని పనివాళ్ల వరసలో కాకుండా యజమాని పక్కన నిలబెట్టారని ఆ లెక్క. బాగానే ఉంది, ఒప్పుకుంటాను కూడా. మరి ఆదివారాలు మన ఇళ్లలో ఆ "నీవు" ఎందుకు ఒక్కరే అవుతున్నారు? గుడి నుంచి రాగానే చెప్పులు విప్పి కూర్చునేదెవరు, చెప్పులు విప్పకుండానే వంటగదిలోకి వెళ్లేదెవరు?

ఒకరోజు మా ఆయనతో ఇదే అన్నాను. మంచి మనిషి, వాదించలేదు. "నీకేం సాయం కావాలో చెప్పు, చేస్తాను" అన్నాడు.

"అది చెప్పడం కూడా ఒక పనేనండి" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, లెక్కపెట్టుకుంటున్నాడట. పిల్లల టీకా తేదీ నాకు గుర్తుందా, వాడి చెప్పుల సైజు తెలుసా, అమ్మాయి టీచర్ పేరు ఏమిటి అని. మూడింటిలో ఒకటి వచ్చిందని చెప్పాడు. ఆ ఒకటీ తప్పే, కానీ ఆ రోజుకి వదిలేశాను.

యేసు ప్రభువు ఏకాంతం గురించి చెప్పేటప్పుడు మార్కు మొదటి అధ్యాయంలో ఒక్క వచనం దగ్గరే ఆగిపోతాం. ఇంకా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేశాడు. అందుకే అమ్మా, చీకటితో లేవాలి. రెండు వచనాలు ముందుకెళ్తే, సీమోను, అతనితో ఉన్నవాళ్లు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చి అందరూ నిన్ను వెదుకుతున్నారంటారు. దుప్పటి ఈడ్చుకుంటూ వచ్చినట్టే. మత్తయి 14లో ఇంకా ఎక్కువ. బాప్తిస్మమిచ్చు యోహానుని చంపారని విని, దోనె ఎక్కి ఏకాంతానికి వెళ్తాడు. దుఃఖంలో ఉన్న మనిషి. ఒడ్డుకి చేరేసరికి జనం అక్కడ ముందే ఉన్నారు. వాళ్లమీద కనికరపడ్డాడు, రోగుల్ని బాగుచేశాడు, సాయంత్రం ఐదు వేలమంది పురుషులకీ, వాళ్లు కాక స్త్రీలకీ పిల్లలకీ భోజనం పెట్టాడు. ఇక్కడిదాకా చెప్పి, చూశారా, త్యాగం అంటారు. కానీ కథ అక్కడ ఆగలేదు. వెంటనే శిష్యుల్ని దోనె ఎక్కించి పంపేశాడు, జనాన్ని పంపేశాడు, అప్పుడు కొండెక్కి ఒంటరిగా ప్రార్థన చేశాడు. పొద్దున పోయిన ఏకాంతాన్ని రాత్రికి తిరిగి తీసుకున్నాడు. అందర్నీ పంపేయడం ఆయనకి పాపంగా అనిపించలేదు.

తల్లి ఎవర్ని పంపుతుంది? ఎక్కడికి పంపుతుంది? తీసుకెళ్లే చేతులు ఎవరివో ఉండాలి కదా.

మదర్స్ డే సంగతే తీసుకుందాం. అమెరికాలో ఆన్ రీవ్స్ జార్విస్ అనే ఆవిడ ఉండేది, మెథడిస్టు సంఘంలో సండే స్కూల్ టీచరు. ఆమె బిడ్డల్లో చాలామంది చిన్నతనంలోనే చనిపోయారు. 1858 ప్రాంతంలో ఆమె చుట్టుపక్కల ఊళ్ల తల్లుల్ని కూడగట్టి మదర్స్ డే వర్క్ క్లబ్బులు పెట్టింది. శుభ్రత నేర్పడం, పాలు పరీక్షించడం, మందులకి డబ్బు పోగుచేయడం, తల్లి క్షయతో మంచం పట్టిన ఇంటికి పనిమనిషిని పెట్టడం. అదీ ఆ క్లబ్బుల పని. 1905లో ఆమె పోయింది. కూతురు అన్నా జార్విస్ అమ్మ జ్ఞాపకంగా 1908 మేలో ఆమె బోధించిన గుడిలో ఆరాధన ఏర్పాటు చేసి, తెల్ల కార్నేషన్ పూలు పంపింది. 1914లో ప్రెసిడెంట్ విల్సన్ ఆ రోజుని అధికారికంగా ప్రకటించాడు. ఆ తర్వాత పూల వ్యాపారం, గ్రీటింగ్ కార్డుల వ్యాపారం చూసి ఆ కూతురే మండిపడి, జీవితమంతా దానిమీదే పోరాడింది.

మదర్స్ డే రోజు మాకూ గుడిలో పువ్వు ఇస్తారు. తీసుకుంటాను, సంతోషంగానే తీసుకుంటాను. ఇంటికొచ్చాక మావాడు దాని రేకులు పీకుతాడు. కానీ జబ్బుపడ్డ తల్లి ఇంటికి మనిషిని పంపడం దగ్గర మొదలైంది, పువ్వు దగ్గరికి వచ్చి ఆగింది కదా అని ప్రతిసారీ అనిపిస్తుంది. నలభై నిమిషాల ప్రసంగంలో తల్లుల్ని పొగిడేదాని బదులు, ఆ నలభై నిమిషాలు పిల్లల్ని ఎవరైనా ఎత్తుకుంటే ఎలా ఉంటుంది? ఏడుస్తున్న పసివాణ్ణి భుజాన వేసుకుని గుడి వెనక్కి వెళ్లేది ఎప్పుడూ తల్లే. స్పీకర్లోంచి సగం సగం వినిపించే వాక్యం మీద ఎన్నేళ్లు బతికానో నాకు తెలుసు.

పిల్లల్లేని హన్నా బిడ్డ కోసం మందిరంలో ప్రార్థించిన కథ ఇప్పుడు నాకు కొత్తగా వినిపిస్తుంది. ఆమె పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. యాజకుడు ఏలీ చూసి తాగి ఉందనుకున్నాడు. ఎన్నో ఏళ్లుగా ప్రార్థనలు చూస్తున్నవాడు, ఎదురుగా ఉన్న ప్రార్థనని గుర్తుపట్టలేకపోయాడు. అది ఆమె ప్రార్థనలోని లోపం కాదు. ఏలీ సంగతి మెచ్చుకోవాలి, ఆమె చెప్పాక మాట మార్చుకుని దీవించాడు.

మరియ యోసేపులు పన్నెండేళ్ల కొడుకుని పోగొట్టుకున్నారు. పండగకి యెరూషలేము వెళ్లి తిరిగొస్తూ, గుంపులో ఉన్నాడులే అనుకుని ఒక రోజు ప్రయాణం నడిచేశారు. మూడు రోజుల తర్వాత దొరికితే, మాకెందుకిలా చేశావని ఆమె అడిగింది. ఆయన చెప్పిన జవాబు వాళ్లకి అర్థం కాలేదని లూకా దాచకుండా రాశాడు. పరిశుద్ధ కుటుంబం అంటే ఆ గోడమీది బొమ్మలో ఉన్నట్టు ఎప్పుడూ వెలుగుతూ ఉండేది కాదన్నమాట. వెతుక్కున్నారు, కంగారుపడ్డారు, అడిగారు, అర్థం కాకపోయినా ఇంటికి తీసుకెళ్లారు.

ఆ తడిసిన పేజీల రోజుకి వస్తాను. కేక పెట్టిన తర్వాత అమ్మాయి గుమ్మంలోనే ఉంది, చిన్నవాడు సీసా వదిలేసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నేను నేల మీద కూర్చుని "సారీ నాన్నా, అమ్మ అలా అరవకూడదు" అన్నాను. వాడు "ఊఁ" అన్నాడు. మా అమ్మాయి తువ్వాలు తెచ్చి, ఒక్కో పేజీ మధ్య పెట్టి అద్దింది. 131వ కీర్తన దగ్గర ఇద్దరం ఆగాం. పాలు విడిచిన పిల్ల తల్లి దగ్గర ఉన్నట్టు నా ప్రాణం నిమ్మళంగా ఉంది అనే మాట అక్కడుంది. పిల్ల నిమ్మళంగా ఉన్న సంగతి ఉంది కానీ, ఆ తల్లి రాత్రి పడుకుందో లేదో కీర్తనకారుడు రాయలేదు. ఆ పేజీలు ఆరాక కూడా అప్పడంలా వంకర్లు పోయాయి. బైబిల్ ఇప్పుడు సరిగా మూసుకోదు. తెరిస్తే తనంతట తనే అక్కడ తెరుచుకుంటుంది.

ఆమేన్ దాకా పిలవకూడదనే రూలు తీసేశాం. ఇప్పుడు మధ్యలో పిలుస్తారు, మధ్యలో జవాబిస్తాను, మళ్లీ మొదలుపెడతాను. నిన్న మావాడు నా ప్రార్థనలోకి దూరి, ఏనుగుకి కూడా జ్వరం తగ్గించమని అడిగాడు. ఏ ఏనుగో తెలియదు.

ప్రవక్త ఏలీయా కథ అందరికీ తెలిసిందే. ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని బదరీవృక్షం కింద పడుకుంటే, దేవుడు అతనికి ముందు ప్రసంగం చెప్పలేదు. దూత తట్టి లేపి, కాల్చిన అప్పం, నీళ్ల బుడ్డి చూపించాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. మాటలు ఆ తర్వాత, చాలా దూరం నడిచాక.

పోయిన ఆదివారం ప్రసంగం మొదలవగానే చిన్నవాడు మొదలుపెట్టాడు. అలవాటుగా లేవబోయాను. మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, వాణ్ణి ఎత్తుకుని, అమ్మాయి చెయ్యి పట్టుకుని వెనక్కి వెళ్లిపోయాడు. తలుపు మూసుకుంది. మూడేళ్లలో మొదటిసారి నా ఒళ్లో ఎవరూ లేరు. బైబిల్ తెరిచాను, పెన్ను తీశాను, నోట్సు రాసుకుందామని పైన తేదీ కూడా వేశాను.

తర్వాత పక్కన కూర్చున్న పెద్దావిడ నా మోచెయ్యి మెల్లగా తట్టి లేపింది. అందరూ ఆఖరి పాటకి లేచి నిలబడి ఉన్నారు. నేను ఆమె భుజం మీద తల వాల్చుకుని ఉన్న చోట ఆమె చీరకొంగు మీద తడి మచ్చ పడింది. సిగ్గుతో చచ్చిపోయాను. "ఫరవాలేదమ్మా, నేనే లేపలేదు" అంది ఆవిడ. నోట్సులో తేదీ ఒక్కటే ఉంది.